కిందికి పోయే గిటారు

ఛీ! పెట్టె మూత తెరవగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే. చర్చి వస్తువును అలా అనకూడదండీ అని మా ఆవిడ వంటింట్లోంచి కేకేసింది. చేతులు తుడుచుకుంటూ వచ్చి పెట్టెలోకి చూశాక తను కూడా రెండడుగులు వెనక్కి వేసింది.

నల్లగా ఉంది. నలుపంటే మెరిసే నలుపు కాదు, మాడిన పెనం నలుపు. ముట్టుకున్న చోటల్లా వేలిముద్ర పడుతోంది, తుడిస్తే ఆ మరక ఇంకా పెద్దదవుతోంది. పైన దున్నపోతుకున్నట్టు రెండు కొమ్ములు. మెడ ఎంత వెడల్పుందంటే దాని మీద చపాతీలు ఒత్తుకోవచ్చు. ఇక వాసన సంగతి చెప్పక్కర్లేదు. రబ్బరు, రంగు, జిగురు అన్నీ కలిసి హాలంతా పట్టేశాయి. మా ఆవిడ వెళ్లి బాల్కనీ తలుపు తీసింది. నేను తీగలు లెక్కపెట్టాను. ఏడు. నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టాను. ఏడే. ఆ ఏడోది మేం బట్టలారేసే తీగంత లావుంది.

"ఏవండీ, దీన్ని చర్చిలో వాయిస్తారా?"

"వాయించాలట. ఆదివారం దీనికి ప్రతిష్ఠ ప్రార్థన కూడా పెట్టారు."

నేను నానక్‌రామ్‌గూడలో ఒక కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. వేరేవాళ్లు రాసిన దాంట్లో తప్పులు పట్టడమే నా జీవనోపాధి. ఆదివారాలు మాత్రం నల్లగండ్లలో మా చర్చిలో గిటారు వాయిస్తాను. చర్చి అంటే పెద్ద గంట, శిఖరం ఊహించుకోకండి. ఫర్నిచర్ షాపు పైన రెండో అంతస్తులో అద్దెకు తీసుకున్న హాలు. కింద సోఫాలు, పైన మేము. పదిహేనేళ్లుగా అక్కడ గిటారు నాదే, నా సొంత ఆరు తీగల గిటారు. దానికేం రోగం వచ్చిందని దీన్ని కొన్నారో నాకు అర్థం కాలేదు.

పాస్టరుగారిని ఫోన్లో అదే అడిగాను, మర్యాదగానే. ఆయన మహా సంబరంగా ఉన్నారు. "బ్రదర్, ఏడు తీగలండీ! బైబిల్లో ఏడంటే సంపూర్ణ సంఖ్య! షాపులో చూడగానే ఇది దేవుడు మన కోసమే పెట్టాడనిపించింది" అన్నారు.

సంపూర్ణ సంఖ్యట, నా బొంద! ఆ లెక్కన పన్నెండు తీగల గిటారు కూడా దొరుకుతుంది, అది కొంటే యేసు శిష్యులు పన్నెండు మందీ వచ్చేవారు కదా. ఈ మాట పైకి అనలేదు. "వందనాలండీ" అని పెట్టేశాను.

ఒళ్లో పెట్టుకుంటే తొడ మీద బియ్యం బస్తా పెట్టినట్టుంది. నాకో పాత అలవాటుంది. బొటనవేలు మెడ పైనుంచి వంచి అన్నిటికంటే పై తీగ నొక్కుతాను. ఎవరూ నేర్పలేదు, దానంతటదే వచ్చింది. ఇప్పుడా వేలు వెళ్లి అలవాటు ప్రకారం పై తీగ మీద పడింది. పడితే ఏం లాభం, అక్కడుండాల్సిన తీగ ఒక వరస కిందికి దిగిపోయింది. దాని చోట్లో ఈ లావుపాటిది కూర్చుంది, రిజర్వేషన్ సీట్లో ఎవడో కూర్చున్నట్టు. ఎఫ్ కార్డ్ పట్టి మీటితే గ్రైండర్‌లో రాయి పడ్డట్టు మోగింది. థూ! కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంది నా పని. ఒక తీగ ఎక్కువిచ్చి ఉన్న ఆరూ నాకు కాకుండా చేశారు.

రెండు రోజులు తిట్టుకుంటూనే సాధన చేశాను. మా ఆవిడ విని విని చివరికి, "ఆడలేక మద్దెల ఓడన్నట్టుందండీ మీ వరస" అంది. నాకు మండిపోయింది. మండిందంటే అందులో నిజముందన్నమాటే.

ఇక్కడ అక్క సంగతి చెప్పాలి. నాకు తోడబుట్టిన అక్క కాదు. మెదక్ వైపు మనిషి, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో హెడ్ నర్సు. మా చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. ఆమె ఎత్తుకుంటే వెనక వరసలో ఫోన్ చూసుకునేవాళ్లు కూడా తలెత్తేవారు. నిరుడు ఆమెకు థైరాయిడ్ ఆపరేషన్ అయింది. మాట బాగానే వచ్చింది గానీ పాటలో పైస్థాయి పోయింది. ఎప్పుడూ పాడే జి స్కేలులో పల్లవి ఎత్తుకుంటే సగంలో గొంతు జీరపోయి ఆగిపోయేది.

అప్పుడు నన్ను అడిగింది. "తమ్ముడూ, జర కిందికి దించి వాయిస్తవా? కింద నాకు మంచిగనే వస్తుంది."

దించొచ్చు. జి కంటే కింది శ్రుతి అయిన డి స్కేలులో వాయిస్తే సరిపోయేది. ఆరు తీగల గిటారులో అది చాలా తేలిక, నేర్చుకునే పిల్లలు వాయించేస్తారు. కానీ పాటకూ పాటకూ మధ్య, చరణానికీ చరణానికీ మధ్య నేను వాయించే బిట్లున్నాయే, అవన్నీ జి లో కట్టుకున్నవి. పదిహేనేళ్లు కట్టుకున్నవి. ఆరాధన అయ్యాక నలుగురు వచ్చి "ఆ బిట్ అదిరింది బ్రదర్" అనేది వాటి గురించే. డి లోకి వెళ్తే అన్నీ మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. బద్ధకం. దానికి తోడు గర్వం. అందుకని ఏమాత్రం తడుముకోకుండా చెప్పాను: "గిటారు అంతకంటే కిందికి పోదక్కా."

ఆమె నమ్మింది. గిటారు సంగతి గిటారు వాయించేవాడికి కదా తెలిసేది! ఎనిమిది నెలలు వెనక వరసలో కూర్చుని పెదాలు మాత్రం కదిపింది. నేను ముందు కూర్చుని జి లో బిట్లు వాయించుకున్నాను. రెండు మూడుసార్లు చెప్పేద్దామనుకున్నాను. అయితే వారం వారం గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది.

శనివారం మధ్యాహ్నం ప్రాక్టీసుకు ఆ నల్లదాన్ని మోసుకెళ్లాను. షేర్ ఆటోలో దాని కొమ్ము పక్కాయన డొక్కలో గుచ్చుకుంది, ఆయన నన్ను తిట్టాడు, నేను దాన్ని తిట్టాను. హాల్లో అప్పటికింకా ఎవరూ రాలేదు. అక్క ఒక్కతే ఉంది, డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, టిఫిన్ సంచి ఇంకా భుజానే ఉంది. అట్ట వేసిన పాటల పుస్తకం ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. ఎనిమిది నెలల తర్వాత ముందు వరసలో!

"ఎట్లుంది తమ్ముడూ? మస్తుంది గదా!" అంది గిటారును చూసి.

నేను వెళ్లగక్కడం మొదలుపెట్టాను. దాని రంగు, దాని కంపు, దాని బరువు. ఈ సంపూర్ణ సంఖ్య పిచ్చి ఎవరికి పుట్టిందో గానీ అన్నాను. పాటలకు పనికొచ్చే వస్తువు కాదిది, ఎవడో అంటగట్టేశాడు, వీళ్లు కళ్లు మూసుకుని తెచ్చేశారు అన్నాను.

ఆమె నవ్వుతూ విన్నది. "సంఖ్య పాస్టరయ్యగారికి నచ్చింది. నేను సంఖ్య కోసం కాదు. షాపుకు నేను గూడ పోయిన. అక్కడి పిల్లగాడు ఎట్లాంటిది కావాలె మేడమ్ అన్నడు. నాకేం తెలుసు? కిందికి పోయే గిటారు కావాలె బాబూ, మా తమ్ముని దగ్గరున్నది కిందికి పోతలేదు అన్న. గిది చూపిండు. అన్నిట్ల కంటె కిందికి పోయేది ఇదేనట." లేచి వచ్చి ఆ లావు తీగను వేలితో తాకింది. "ఇగ నేను పాడొచ్చు గదా?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఇంతసేపు నేను ఛీ అన్నదీ థూ అన్నదీ దేన్నో ఇప్పుడు తెలిసింది. ఆ నల్లటి దరిద్రం ఈ భూమ్మీదికి, ఈ హాల్లోకి, నా ఒళ్లోకి రావడానికి కారణం నా నోటి మాట.

"పాడక్కా" అన్నాను. డి పట్టాను.

ఆమె పాడింది. మొదట భయం భయంగా ఎత్తుకుంది, రెండో చరణానికి కళ్లు మూసుకుంది. పాత గొంతు కాదు. కిందినుంచి వచ్చే గొంతు, కొంచెం గరుకు, నిండుగా ఉంది. ఇంత మంచి గొంతును ఎనిమిది నెలలు మూసి పెట్టినవాణ్ణి నేను. నా బిట్లు ఒక్కటీ వాయించలేదు, వాయించడానికి డి లో ఏమీ రావు కూడా. ఎవరికీ ఏ లోటూ అనిపించదని అప్పుడే తెలిసిపోయింది.

పాట అయ్యాక కొంగుతో కళ్లు ఒత్తుకుని, "రేపు సాక్ష్యం చెప్త తమ్ముడూ" అంది. "దేవుడు ఏడో తీగ ఇచ్చి నా పాట నాకు తిరిగి ఇచ్చిండని అందరి ముంగట చెప్త."

బైబిలు ముందు నిలబడి, అంతమంది ముందు, ఆమె చేత అబద్ధం చెప్పించాలా? నేను చెప్పిన అబద్ధాన్ని ఆమె దేవుడి పేరు మీద చెప్పాలా? అది మాత్రం నా వల్ల కాలేదు. నేను మంచివాణ్ణయి కాదు, భయపడ్డాను.

"అక్కా, ఆ ఏడో తీగ నేను ముట్టనే లేదు" అన్నాను.

"మరి?"

"ఈ పాటకు ఆరు తీగలే చాలు. నా పాత గిటారుతో కూడా అయ్యేది."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. నర్సు కదా, రోగి చెప్పింది సరిగా విన్నానా అన్నట్టు ఇంకోసారి అడిగింది. "అప్పుడు నేనడిగిననాడు గూడ అయ్యేదా?"

"అయ్యేది."

"మరి నాకెందుకు చెప్పలే?"

బిట్లు అని ఎలా చెప్పను? చరణాల మధ్య నేను వాయించుకునే నాలుగు మెలికల కోసమని ఎలా చెప్పను? తల వంచుకుని గిటారు మీది వేలిముద్రలు తుడవడం మొదలుపెట్టాను. ఆమె కోప్పడితే బాగుండేది. నాలుగు తిట్టినా బాగుండేది, ఆమె తిట్లు నాకు కొత్త కాదు. పాటల పుస్తకం సంచిలో పెట్టుకుంది. టిఫిన్ డబ్బా సర్దుకుంది.

"రేపు తొమ్మిదింటికి ఉండండి సార్" అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

సార్! నన్ను! కొత్తగా ఈ ఊరికి వచ్చినప్పుడు జ్వరమొస్తే నా నోట్లో థర్మామీటరు పెట్టి "నోర్మూసుకో తమ్ముడూ" అన్న మనిషి. ఆఫీసులో రోజుకు వందసార్లు సార్ అనిపించుకుంటాను, ఎప్పుడూ చెవికి కూడా ఎక్కదు. ఆ ఒక్కటి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

ఆదివారం పాస్టరుగారు గిటారు మీద చేయి పెట్టి ప్రార్థించారు. ఏడు దినాలు, ఏడు సంఘాలు, ఏడు దీపస్తంభాలు అన్నీ చెప్పుకొచ్చారు. తర్వాత సాక్ష్యానికి అక్కను పిలిచారు. అంతా చెప్పేస్తుందనుకున్నాను. చెప్పేస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఎనిమిది నెలలు పాడలే" అంది మైకులో. "ఇయ్యాల పాడుతున్న. అంతే." నా వైపు తిరిగి, "డి పట్టండి" అంది.

పట్టాను. ఆమె పాడుతుంటే వెనక వరసల్లో సగంమంది లేచి నిలబడ్డారు. ఆరాధన అయ్యాక జనం నా చుట్టూ మూగారు. ఏడో తీగను తలా ఒకసారి మీటి చూశారు. "దీని వల్లే బ్రదర్, ఎంత తేడా!" అన్నారు. "ఏదైనా కొత్తది కొత్తదే" అన్నారు. ఆ మెప్పంతా తీసుకెళ్లి కింద రోడ్డు మీద పారేసి చేతులు కడుక్కోవాలనిపించింది.

వాళ్లను తప్పించుకుని మెట్ల దగ్గరికి పరిగెత్తాను. అక్క చెప్పులు వేసుకుంటోంది.

"అక్కా" అన్నాను.

ఆమె తలెత్తి, ఆసుపత్రిలో కొత్త రోగి వెంట వచ్చినవాళ్లను చూసినట్టు మర్యాదగా చూసింది.

"చెప్పండి" అంది.