అబ్రహాము బొటనవేలు

అబ్రహామును దొంగ అన్న గుమాస్తా మొహం నాకింకా గుర్తే. పేరు మాత్రం మర్చిపోయాను. అదీ మంచిదే, లేకపోతే ఈపాటికి వందసార్లు తిట్టి ఉండేవాణ్ణి. పందొమ్మిదివందల నలభైమూడులో నేను పిడుగురాళ్ల స్టేషన్లో పోర్టరుని. యుద్ధం రోజులు. పట్టాల పనికి గ్యాంగు కూలీలను తీసుకుంటున్నారని విని, సున్నం బట్టీల దగ్గర నుంచి అబ్రహామును పిలుచుకొచ్చింది నేనే.

కాలిన రాయిని గుంటలో పోసి నీళ్ళు కొడితే అది బుసబుసా పొంగి, పగిలి సున్నం అవుతుంది. అబ్రహాము ఆ గుంట దగ్గర పదిహేనేళ్ళు నిలబడ్డాడు. భార్య సారమ్మ గుట్ట మీద నుంచి పచ్చిరాయి మోసేది. పుట్టిన బిడ్డలిద్దరూ ఆ పొగలోనే దగ్గి దగ్గి పోయారు. అప్పటి నుంచి ఆమెకు ఒకటే కోరిక, ఆ బట్టీ నుంచి బయటపడాలని. గ్యాంగులో చేరితే లైను పక్కన గది ఇస్తారని నేను చెప్పినప్పుడు ఆమె నన్ను మూడుసార్లు అడిగింది, నిజమేనా జమాలూ అని.

కూలీలను తీసుకునే రోజు అబ్రహాము పట్టాల కింద వేసే చెక్క స్లీపరును ఒక్కడే భుజానికెత్తుకుని నడిచి చూపించాడు. లైను ఇనస్పెక్టరు శభాష్ అన్నాడు. ఇక పని అయిపోయిందనే అనుకున్నాం. గుమాస్తా సిరా డబ్బీ ముందుకు తోసి వేలిముద్ర వేయమన్నాడు. అబ్రహాము వేశాడు. కాగితం మీద నల్లటి మచ్చ పడింది, గీత ఒక్కటీ లేదు. మళ్ళీ వేయించాడు. రెండో చేతి వేలూ అంతే.

“ఎక్కడ ఏం చేసొచ్చావురా? గుర్తు దొరక్కుండా వేళ్ళు కాల్చుకున్నావా?” అన్నాడు గుమాస్తా.

“సున్నం తినేసింది బాబూ. దొంగను కాదు” అన్నాడు అబ్రహాము.

నాకు ఒళ్ళు మండిపోయింది. “నోరు సంబాళించుకో, పెద్దమనిషివి!” అని అరిచాను. నీ ఉద్యోగం కూడా ఊడుతుందన్నాడు వాడు. అబ్రహామే నన్ను రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. సున్నం తిన్న వేలు ఇక అంతేనని బట్టీల దగ్గర అందరూ అనుకునేవాళ్ళు. అక్కడ ఎవడూ నాలుగు రోజులు పని మానుకుని ఎరగడు, చచ్చేదాకా గుంటలోనే. ఇక తెలిసేదెట్లా? నేనూ అదే నమ్మాను.

మూడు రోజులు అబ్రహాము కూడు సరిగా తినలేదు. నాలుగోనాడు నేను వెళ్ళేసరికి సారమ్మ గుమ్మంలో ఉంది.

“వేలిముద్ర పడకపోతే సంతకం పెట్టొచ్చా జమాలూ?”

“పెట్టొచ్చు వదినా.”

“మరి ఈ ఏడుపెందుకు? నేను మిషను బడిలో మూడో తరగతి చదివా. నేను నేర్పుతా.”

“నలభయ్యేళ్ళొచ్చినాయి, ఇప్పుడు నాకు అక్షరాలేందే?” అన్నాడు అబ్రహాము.

“నోర్మూసుకుని కూర్చో. రాకపోతే మొట్టికాయలు పడతయ్యి.”

కూర్చున్నాడు. కానీ రోజంతా నీళ్ళు కొట్టిన వేళ్ళు వాచి, పగిలి, బలపం పట్టుకోలేకపోయాయి. పట్టుకుంటే నెత్తురు వచ్చేది. అప్పుడు సారమ్మ పనులు మార్చుకుందామంది. ఆయన రాయి మొయ్యాలి, ఆమె గుంట దగ్గర నిలబడాలి. బట్టీ ఆసామి కామేశంగారికి ఎవరు నిలబడితేనేం, పని జరగాలి. అబ్రహాము మాత్రం ఒప్పుకోలేదు.

“వద్దే. గుంట నీవల్ల కాదు.”

“మళ్ళా మనుషుల్ని తీసుకునేది ఏడాదికి. ఏడాదేగా! ఏం జమాలూ?”

“అవునన్నా, ఏడాదే కదా” అన్నాను నేను. నా నాలుక తెగిపోతే బాగుండేది.

రోజూ పొద్దుగూకే ముందు గుడిసె ముందు నాపరాయి మీద వాళ్ళ బడి. సారమ్మ గుంట నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోకముందే “రాయి, చూస్తా” అనేది. ఆయన రాసింది చూసి “ఇదేంది, అక్షరమా, తేలా?” అని పకపకా నవ్వేది. ఆయనా నవ్వేవాడు. ఆర్నెల్లకు ఇంటిపేరుతో సహా తప్పు లేకుండా రాశాడు. అయినా ఆమె గుంట వదల్లేదు. మళ్ళీ నీళ్ళు కొడితే నీ వేళ్ళు పాడవుతాయి, పిలుపు వచ్చేదాకా నేనే కొడతానంది.

తొమ్మిదో నెలలో ఒక పెద్ద రాయి లోపల ఉడికి ఒక్కసారిగా పేలింది. మరిగే సున్నం సారమ్మ రెండు కళ్ళలోనూ పడింది.

గుంటూరు తీసుకెళ్ళాం. కుడికన్ను పోయిందన్నారు. ఎడమకంటికి వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతే. ఇంటికి రాగానే అబ్రహాము బలపం తీసి బండకేసి కొట్టాడు. ఈ చదువూ వద్దు, ఆ ఉద్యోగమూ వద్దని పెద్దగా ఏడ్చాడు. మంచంలో నుంచి సారమ్మ కసిరింది.

“దాన్ని పగలగొడితే నాకు కళ్ళొస్తాయా? నువ్వు ఉద్యోగం తెచ్చుకోకపోతే ఇయ్యి ఊరికే పోయినట్టు. రాయి!”

ఆయన రాశాడు. రాశావా అని ఆమె అడిగేది. రాశానంటే, మళ్ళీ రాయమనేది. నేను అక్కడ కూర్చోలేక లేచి వచ్చేవాణ్ణి.

నలభైనాలుగులో మళ్ళీ పిలిచారు. ఈసారి గుమాస్తా వేరే ఆయన. సంతకం వచ్చా అన్నాడు, అబ్రహాము పెట్టాడు, తీసుకున్నారు. అంత సులువుగా అయిపోయింది. లైను పక్కన గది ఇచ్చారు. సారమ్మ నాలుగు గోడలూ తడిమి చూసుకుని, గాలి ఎంత చల్లగా ఉందో అంది.

మరుసటి ఏడు గ్యాంగు వాళ్ళందరికీ ఏవో కొత్త కాగితాలు వచ్చాయి. సంతకం వచ్చినా సరే వేలిముద్ర కూడా వేయాలన్నారు. “నాకు పడదు బాబూ, సున్నం వేలు” అంటూనే అబ్రహాము బొటనవేలు ఆనించాడు. దుక్కి దున్నిన చేను మాదిరి, గీత గీత విడిగా ముద్ర పడింది.

పక్కనే ఉన్న రైల్వే కాంపౌండరు నవ్వాడు. “సున్నం మానేసి రెండు నెలలైతే కొత్త తోలు పుడుతుందయ్యా. ఆ మాత్రం తెలీదా?”

అబ్రహాము వేలి సిరా పంచెకు తుడుచుకున్నాడు. ఇద్దరం పట్టాల వెంట నడిచి వస్తున్నాం. కొంచెం దూరం వచ్చాక కంకర మీద కూలబడ్డాడు.

“పిలుపుకు ముందు రెణ్ణెల్లు నేను చెయ్యి తడపకుండా ఉంటే సరిపోయేది. అంతేగా జమాలూ?”

నేనూ పక్కన కూర్చున్నాను.

“మరి దాన్ని ఎందుకు దించానురా గుంట కాడికి?” అని ఆ చేత్తోనే నెత్తి కొట్టుకున్నాడు. నేనూ ఏడ్చాను. తర్వాత మొహం తుడుచుకుని, “మీ వదినకు చెప్పమాక. నీ అల్లా మీద ఒట్టు” అన్నాడు.

చెప్పలేదు. సారమ్మ ఇంకో నాలుగేళ్ళు బతికింది. మధ్యాహ్నాలు గ్యాంగు ఆడవాళ్ళు వచ్చి కూర్చుంటే ఆమెకు ఒకటే ముచ్చట. ఒక ఆదివారం నేను అక్కడే ఉన్నాను. ఆరోగ్యమ్మ అని, కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లకు చెబుతోంది.

“వేలు పడదని తరిమేశారమ్మా ఈయన్ని. నేను రాత నేర్పకపోతే ఇంకా ఆ గుంట కాడే ఉండేవాడు. నా కళ్ళు పోయినయ్యే గానీ, ఊరికే పోలా. ఏమయ్యా, అవునా కాదా?”

నేను లేవబోయాను. అబ్రహాము నా మణికట్టు గట్టిగా పట్టుకుని కూర్చోబెట్టాడు.

“అవునే సారమ్మా. అంతా నీ చలవే” అన్నాడు.

ఆమె ఆ పిల్ల వైపు తిరిగి, “విన్నావా?” అంది.