గోడకు చెవి పెట్టిన ఆంటీ

మా ఎదురింటి ఆంటీ పోయారు. నేను సాకేత్‌లో ఆఫీసులో ఉండగా వాళ్ళ చెల్లెలు ఫోన్ చేశారు. మధ్యాహ్నం అన్నం తిని, బాల్కనీ పక్కన కుర్చీలో కూర్చున్నారట. టీ పెట్టి పిలిస్తే పలకలేదట. "ముఖంలో ఏ బాధా లేదమ్మా, నిద్రపోయినట్టే ఉంది" అన్నారు ఆవిడ. మా వైశాలి స్టేషను వచ్చేదాకా మెట్రోలో నిలబడే ఉన్నాను. పక్కన సీటు ఖాళీ అయినా కూర్చోవాలనిపించలేదు.

ఆంటీది విజయనగరం. ఇక్కడే, దేశ రాజధానిలో, ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రి ల్యాబులో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేశారు. వాంతులు, విరేచనాలతో వచ్చినవాళ్ళ నమూనాలు పరీక్షించి, కడుపులో చేరింది ఏ సూక్ష్మజీవో చెప్పడం ఆవిడ ఉద్యోగం. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక మా టవర్లో తొమ్మిదో అంతస్తులో ఫ్లాటు కొనుక్కుని, విధవరాలైన చెల్లెల్ని తెచ్చుకుని ఉన్నారు.

లిఫ్టులో ఎవరైనా కడుపు బాగాలేదంటే చాలు, ఆవిడ కళ్ళు మెరిసేవి. ఏం తిన్నారని అడిగేవారు కాదు. "తిన్న ఎన్ని గంటలకి మొదలైంది?" అని అడిగేవారు. రెండు మూడు గంటల్లో వాంతులైతే, సూక్ష్మజీవి ముందే అన్నంలో విషం వదిలి పెట్టిందని అర్థం. ఒకటి రెండు రోజులకి మొదలైతే, అది లోపలికి వెళ్ళి సంసారం పెట్టిందని. రక్తం, జిగురు, జ్వరం ఉంటే పేగు గోడను కొరుకుతోందని. ఇవన్నీ పప్పులో ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా చెప్పేవారు. అశోకా రోడ్‌లో ఆంధ్రా భోజనానికి తీసుకెళ్తే పొగలు కక్కే సాంబారు రెండుసార్లు పోయించుకునేవారు, కోసిపెట్టిన ఉల్లిపాయ ముక్కల్ని మాత్రం వేలితో కూడా తాకేవారు కాదు.

ఒకసారి నేనడిగాను, "ఇంత చిన్న ప్రాణికి మనమీద అంత పగేంటాంటీ?" అని.

ఆవిడ నవ్వలేదు. "పగేటమ్మా? దానికి మనం తెలీనే తెలీదు. ఒకరి కడుపులోంచి బయటపడి ఇంకొకరి గ్లాసులోకి పోవాలి, అంతే. ఆ దారి మజ్జిలో మనిషుంటే ఉన్నాడు, పోతే పోయాడు."

మూడేళ్ళ కిందటి వానాకాలం గురించి చెప్పాలి. మా టవర్లో నాలుగో వరస ఫ్లాట్లలో, అంటే 104 నుంచి మా 904 దాకా, ఒకరి తర్వాత ఒకరు జబ్బు పడ్డారు. పక్క వరసల్లో ఎవరికీ ఏమీ లేదు. మా పైన 1004 ఏడాదిగా తాళం వేసి ఉంది, అందులో ఉండిన ముసలాయన ఒంటరిగా చనిపోయాడు. ఇంకేముంది, ఆ ఇంటి గాలి కిందికి దిగుతోందన్నారు. ఒకావిడ ప్రతి గుమ్మానికీ నిమ్మకాయలు, మిరపకాయలు కట్టించింది. కారిడార్లన్నీ ఫినాయిల్ వాసన. పట్టపగలే తలుపులన్నీ మూసి ఉండేవి, లోపలి నుంచి ఫ్లష్ చప్పుడు మాత్రం వినబడేది.

అప్పుడే మా ఏడేళ్ళ పాప బాత్రూములోంచి పరుగెత్తుకొచ్చింది. "మమ్మీ, దీవార్ సాస్ లే రహీ హై." గోడ ఊపిరి పీలుస్తోందట. వెళ్ళి విన్నాను. నిజమే. గోడ టైల్స్ వెనకాల ఎవరో పళ్ళ సందులోంచి గాలి పీల్చినట్టు సన్నగా, పొడుగ్గా, ఆగి, మళ్ళీ. నిమ్మకాయల్ని చూసి నవ్వినదాన్ని, ఆ మధ్యాహ్నం 1004 గుర్తొచ్చి హాల్లోంచి కదల్లేదు.

మర్నాడు పొద్దున పాపకు మొదలైంది. నొప్పి లేదు, జ్వరం లేదు. బియ్యం కడిగిన నీళ్ళలాంటి తెల్లటి నీళ్ళు, ఆగకుండా. రెండు గంటల్లో కళ్ళు లోపలికి పోయాయి. ఆంటీ వచ్చి పాప పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలారు. ఆ మడత అలాగే నిలబడి ఉంది. నెమ్మదిగా, చాలా నెమ్మదిగా సర్దుకుంది.

"కార్ తియ్యమను మీ ఆయన్ని," అన్నారు ఆంటీ. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి సీసా నా చేతికిచ్చారు. "దారంతా పట్టించు. కక్కినా పట్టించు."

"మేం ఫిల్టర్ నీళ్ళే తాగుతాం కదాంటీ!"

"పళ్ళు దేంతో తోముకుంటుందే పిల్ల?"

కుళాయి నీళ్ళతోనే. సీసా చంకన పెట్టుకుని పాపని ఎత్తుకున్నాను.

మేం ఆసుపత్రిలో ఉండగా ఆవిడ చేసినది తర్వాత తెలిసింది. మా వరసలో అంతస్తుకో కుళాయి నుంచి, 1004 తాళం కూడా తీయించి, పక్క వరసల్లోంచి కూడా నీళ్ళు పట్టి, మలం కలిసిన నీళ్ళయితే నల్లబడే మందున్న చిన్న సీసాల్లో పోసి, తన కిటికీ గట్టు మీద వరసగా పెట్టారు. నీళ్ళన్నీ అద్దంలా ఉన్నాయి. వాసన లేదు, రంగు లేదు. తర్వాత మేమిచ్చి వెళ్ళిన తాళంచెవితో మా బాత్రూములోకి వెళ్ళి గోడకు చెవి ఆనించి అరగంట నిలబడ్డారట.

మర్నాటి మధ్యాహ్నానికి సెలైన్లు ఎక్కి పాప తేరుకుంది. నేను బట్టలకోసం ఇంటికొచ్చి ఆంటీ కిటికీ చూశాను. పదకొండు, పది అంతస్తుల సీసాలు తేటగా ఉన్నాయి. మాది మొదలుకొని కిందివన్నీ సిరా పోసినట్టు నల్లగా ఉన్నాయి. పక్క వరసల సీసాలు వాటి మధ్య తెల్లగా నిలబడి ఉన్నాయి. పట్టపగటి ఎండలో అంత నలుపు నేనెప్పుడూ చూడలేదు.

సొసైటీ సెక్రటరీని పిలిచి ఆంటీ హిందీలో చెప్పారు, "భయ్యా, మధ్యాహ్నం వాల్వు కట్టేస్తారు కదా. కిందివాళ్ళు కుళాయి తిప్పితే గొట్టం ఖాళీ అవుతుంది. ఖాళీ గొట్టం ఊరుకోదు, ఎక్కడ చిల్లుంటే అక్కడినుంచి పీలుస్తుంది. తొమ్మిదో అంతస్తుకీ పదో అంతస్తుకీ మధ్య గోడ తెరిపించండి." ఆయన అప్పటిదాకా అందరూ బయట పానీపూరీలు తిన్నారనే అంటున్నాడు. సీసాలు చూశాక ప్లంబరుకు ఫోన్ చేశాడు. గొట్టాలు దిగే షాఫ్టు తెరిపిస్తే, పగిలిన మరుగుదొడ్డి గొట్టం నుంచి చుక్క చుక్కగా తుప్పు పట్టిన నీళ్ళ గొట్టం అతుకు మీద పడుతోంది. గోడ పీల్చిన ఊపిరి ఆ అతుకు చిల్లులోంచే. ఆంటీ అనుకున్నట్టే ఆసుపత్రి ల్యాబు కలరా అని రాసింది.

కానీ అదే రోజు పొద్దున్నే మా వరసలోని ఏడో అంతస్తు పంజాబీ నానమ్మ, అందరూ దాదీ అని పిలిచే ఆవిడ, పోయింది. జ్వరం లేదు కదా, నాకేం ఫర్వాలేదని ఎవరికీ చెప్పకుండా పడుకుందట.

ఆంటీ ఆ రోజు అన్నం తినలేదు. వారం తర్వాత నాతో అన్నారు, "నీ పిల్లని చూసినప్పుడే నాకు తెలిసిపోయింది. ఇంటింటికీ వెళ్ళి నీళ్ళు కాచుకోండని చెప్పి ఉండొచ్చు. సీసా నల్లబడే దాకా ఆగాను. తప్పయితే నవ్వుతారని." మళ్ళీ తనే, "రుజువు కోసం ఆగడం ల్యాబులో మంచిదే. ఇరుగుపొరుగులో కాదు" అన్నారు.

అప్పటినుంచి ఆవిడ ఆగలేదు. చిన్న అనుమానం వచ్చినా తలుపులు కొట్టేవారు. కొందరు విసుక్కున్నారు, నవ్వారు కూడా. "నవ్వనీ, నవ్వేవాళ్ళు బతికే ఉన్నారు" అనేవారు. మా పాపకు తెలుగులో వచ్చిన మొదటి పూర్తి వాక్యం "చేతులు సబ్బుతో కడిగావా?" అన్నది, అదీ ఆంటీ గొంతుతోనే.

పదమూడో రోజు అయ్యాక వాళ్ళ చెల్లెలు నన్ను లోపలికి పిలిచి, బీరువాలోంచి ఒక చెక్కపెట్టె తీసి ఇచ్చారు. లోపల గాజు పలకలు, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసేవి, గాడుల్లో బారులు తీరి ఉన్నాయి.

"బాగై ఇంటికెళ్ళిన వాళ్ళవి పారేసేది," అన్నారు ఆవిడ. "ఇవి మాత్రం తెచ్చుకుంది. ఏం చెయ్యమంటావమ్మా?"

ఒకటి తీశాను. పేరు లేదు. అంచున ఆంటీ చేతిరాత, సన్నగా: ఆడ, ఆరు నెలలు. కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నాను. గాజు మధ్యలో గోరంత గులాబీ మరక. ఎండ దాని గుండా వచ్చి నా అరచేతిలో లేత రంగుగా పడింది. అది అక్కడ ఉన్నంతసేపూ వేళ్ళు ముడవలేకపోయాను.