నీళ్ళందని మూల మెంతికూర

మా బాపు మెంతికూరకు ఇబ్రహీంపట్నం మార్కెట్‌లో మంచి పేరు. ప్లాట్ల మధ్య మిగిలిన ఎకరంలో బోరు నీళ్ళతో పండిస్తాడు. ఆయనకున్న గర్వమంతా ఆ పేరులోనే ఉంది. దాన్ని నేనే కదిలిస్తానని ఎన్నడూ అనుకోలేదు.

డిగ్రీ చివరి ఏడాది ప్రాజెక్టుకు నేను మెంతికూరనే తీసుకున్నాను. నీళ్ళు, యూరియా పుష్కలంగా అందిన ఆకు ఒకటి, నీళ్ళందక ఎండకు ఓర్చుకున్న ఆకు ఒకటి. ఏ ఆకు రసం సూక్ష్మక్రిములను ఎక్కువ ఆపుతుందో చూడాలి. రసం పనిచేస్తే గాజు పళ్ళెంలో క్రిములు పెరగని ఖాళీ వలయం కనిపిస్తుంది; ఎంత బాగా పనిచేస్తే అంత పెద్దది.

మడి మొదట్లోది ఒక కట్ట, నీళ్ళందని చివరి మూలది ఒక కట్ట కోసివ్వమని బాపుకు చెప్పాను. వాటికి కట్టడానికి చీటీలు కూడా రాసిచ్చాను. మూడు వారాలు తంటాలు పడ్డాను. ప్రతిసారీ రెండు వలయాలూ ఒక్కలాగే వచ్చాయి. ఇక తేడా లేదని రాసిచ్చెయ్యమంది మా మేడమ్.

ఆ సాయంత్రం అన్నం తింటూ ఇది చెప్తే బాపు తలెత్తలేదు.

"మూలకున్నది పొట్టిగ, పండుబారి ఉన్నది బిడ్డా. గసొంటి కూర కాలేజీకి ఎట్ల పంపుత? రెండు కట్టలు మంచి మడిలకెల్లే కోసిన. ఒకదానికి నువ్విచ్చిన మూల చీటీ కట్టిన."

కోపం నషాళానికంటింది. కానీ తప్పు నాదే. ఇల్లు దాటే కట్టలో పండుటాకు ఒక్కటి కనిపించినా ఏరిపారేసే మనిషిని, పండుబారిన కూరే కోసి పంపమన్నాను.

మర్నాటి నుంచి నేనే కోసుకున్నాను. ఈసారి మూల కూరకు వలయం పెద్దగా వచ్చింది. ఫోన్లో ఫొటో తీసుకుని పరుగున మడి దగ్గరికి పోయి బాపుకు చూపించాను. ఎండకు, నీటి కరువుకు తట్టుకోవడానికి ఆకు తనలో కొన్ని రసాయనాలు పెంచుకుంటుందట అని ఉత్సాహంగా వివరించాను.

ఆయన ఫొటో చూసి ఫోను నా చేతికిచ్చాడు.

"అంటే ఇన్నేండ్లు నేను జనానికి నీళ్ళే అమ్మిన్నా?"

గాజు పళ్ళెంలో జరిగింది కడుపులో జరగాలని లేదన్నాను. ఒక్క మడిని చూసి తేల్చలేమన్నాను. లేత కూరలోనూ బలముంటుందన్నాను. అన్నీ నిజాలే. "అవ్, అవ్" అన్నాడు గానీ నమ్మినట్టు లేడు. అంత మురిసిపోతూ ఆ మాట మోసుకొచ్చినందుకు నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు ఒక మడికి యూరియా మానేసి, నీళ్ళు తగ్గించి పెంచుతున్నాడు. మొన్న మార్కెట్‌లో ఆయన పక్కనే కూర్చున్నాను. ఎప్పుడూ కొనే ఆమె ఆ మడి కట్ట పట్టి చూసి మొహం చిట్లించింది.

"ఏందన్నా, గిట్ల ఎండిపోయింది?"

"నీళ్ళు తక్కువ, కూర ఎక్కువ అక్కా. జర తిని చూడు," అన్నాడు బాపు, బతిమాలుతున్నట్టుగా. ఆయన బతిమాలడం నేనెన్నడూ చూడలేదు.

ఆమె నవ్వి, ఆయన దగ్గరే ఉన్న లేత కట్ట తీసుకుని వెళ్ళిపోయింది.