సార్ ముందు కొట్టేసిన పేజీలు

2014లో విజయనగరంలో ఎంసీఏ చదివేటప్పుడు నేనూ, సాలూరు అమ్మాయి గౌరీ ఆన్‌లైన్ అష్టాచెమ్మా ప్రాజెక్టు తీసుకున్నాం. అందులో ఏమేం ఉండాలో రాసే పని నాది. వెయ్యిమంది ఒకేసారి ఆడొచ్చు, మాట్లాడుకోవచ్చు అంటూ తోచిందల్లా రాసి ఇచ్చేశాను.

రివ్యూ రోజు ఇద్దరు ఆడేసరికే ఆట ఆగిపోయింది. "రాసినవన్నీ ఏవమ్మా?" అని మా ప్రాజెక్టు గైడ్ సార్ అడిగారు.

"అన్నీ సేసెత్తామని రాసీసినావు. పాసవ్వకపోతే మా ఇంట్లో ఏటి సెప్పాలే?" అంటూ గౌరి అక్కడే ఏడ్చేసింది.

నేను రాసిన పేజీలు ఒక్కొక్కటీ కొట్టేశాను. "ఇద్దరు ఆడే ఆట ఒక్కటే చేయగలం సార్. వారం ఇవ్వండి," అని బతిమాలాను.

"మూడు రోజులు," అన్నారాయన.

అత్తెసరు మార్కులతో గట్టెక్కాం. చేయలేనని ఒప్పుకోవడం నాకు అదే మొదటిసారి. గౌరి నాతో మళ్ళీ మాట్లాడటానికి మాత్రం నెల పట్టింది.