రాతి ఊళ్లో మూడు రాళ్లు

ఎడిన్‌బరా చూసిన మొదటి రోజు నాకు కోపమొచ్చింది. కొండ మీద కోట, కోట కింద రాతి మేడలు, మేడల మధ్య రాతి దారి. వందల ఏళ్ల మసి పట్టి నల్లబడ్డ గోడలను కూడా అలాగే దాచుకున్నారు. ఎవరు ఏ ఇంట్లో పుట్టారో, ఎవరు ఏ గదిలో కూర్చుని చదువుకున్నారో పలకల మీద చెక్కి పెట్టుకున్నారు. మా జనగామ చుట్టుపక్కల ఎన్ని పాత బురుజులు కూలిపోలేదు! ఒక్కదానికీ పలక లేదు. పై చదువుకు వచ్చిన పిల్ల నోరు తెరుచుకుని ఫొటోలు దిగాలి. నేను మాత్రం మా ఊరి రాళ్లు చేసిన పాపమేంటని గొణుక్కుంటూ తిరిగాను.

నేను వచ్చింది తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్నప్పుడు. బస్సులు బందయ్యాయి, మానుకోట దగ్గర జనం రైలు పట్టాల మీద కూర్చున్నారు. మా బాపు నన్ను మా ఊరు తరిగొప్పుల నుంచి ఎవరిదో కూరగాయల బండిలో హైదరాబాదు తీసుకొచ్చి విమానం ఎక్కించాడు. ఇక్కడ దిగగానే నన్ను చేరదీసింది ఒక సీనియర్ అక్క. కోస్తా వైపు మనిషి. ఎదురొచ్చి పెట్టె మోసింది, తనుండే ఇంట్లో ఒక గది ఇచ్చింది, మొదటి వారం జ్వరమొస్తే జావ కాచి పోసింది. కాదనను. కానీ నేను ఫోన్లో ఇంటికి మాట్లాడుతుంటే వంటింట్లో నా మాటను అనుకరించి మిగతా అమ్మాయిలను నవ్వించేది. పైగా ఒక షరతు పెట్టింది.

"ఆ ఉద్యమం గొడవ మాత్రం గుమ్మం బయటే వదిలెయ్."

ఒక శనివారం బాపు ఫోన్ చేశాడు. వెనక డప్పుల మోత, మధ్యమధ్య పొగకు దగ్గు.

"జనగామల రోడ్డు మీదనే వంటా వార్పు బిడ్డా. ఊరు ఊరంత గిక్కడనే ఉన్నది. రాళ్లు వెట్టినం, గంజులు ఎక్కించినం. పోలీసోల్లు ఒచ్చిన్రు, ఆల్లకు గూడ పెట్టినం."

రోడ్డును ఆపి, అక్కడే వండి, అక్కడే వడ్డించుకుని తినడం అప్పట్లో మా నిరసన. ఎవరొచ్చినా విస్తరి వేయాల్సిందే. ఫోన్ పెట్టేశాక నాకు కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు. రేపు ఇక్కడా చేస్తానన్నాను. అక్క మొదట నవ్వింది, తర్వాత నవ్వలేదు.

"మన పరువు తీయకే. వెళ్లావంటే మళ్లీ ఈ ఇంటికి రాకు."

ఆ ఊళ్లో నాకు వేరే గూడు లేదు. అయినా తెల్లారి బియ్యం, చింతపండు, ఉల్లిగడ్డలు, పచ్చిమిర్చి, అన్నం వండే గంజు పట్టుకుని వెళ్లాను.

తోడు వచ్చింది ఒక్కడే, నాతో చదివే చెల్పూరు అన్న. వాళ్ల నాన్న భూపాలపల్లి పక్కన, ఆ ఊళ్లోని కరెంటు ప్లాంటులోనే కూలి పని చేస్తాడు. కోట కింది చౌరస్తాలో గంజు దించి పొయ్యికి రాళ్లు వెతికాం. తమాషా చూడండి, ఊరంతా రాయే గానీ విడిగా మూడు రాళ్లు లేవు! ప్రతి రాయినీ ఎప్పుడో పాతేశారు. ముందు రోజు పథకం వేసుకున్నప్పుడు ఇద్దరిలో ఒక్కరికీ ఇది తట్టలేదు.

"రాళ్లు గూడ మోసుకరావాల్నా చెల్లె, గీ దేశంల?" అని అన్న నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. చివరికి పరిగెత్తి తన గది నుంచి చిన్న గ్యాసు పొయ్యి తెచ్చాడు. గాలికి మంట ఆరిపోతుంటే నా కోటు విప్పి అడ్డం పట్టాను. తెలంగాణ అని రాసిన అట్టముక్కను ముందు నిలబెట్టాం. ఎసరు మరిగింది, బియ్యం పోశాం, జనం ఆగి చూశారు.

అన్నం సగం ఉడికేసరికి పోలీసు వచ్చాడు. ఇక్కడ మంట పెట్టకూడదని మర్యాదగానే చెప్పాడు. పొయ్యి ఆర్పాను. తినకూడదని మాత్రం ఆయన అనలేదు కదా! పచ్చిపులుసుకు మంటతో పనేముంది? చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి నలిపి, పలుకుగా ఉన్న అన్నంలో పోసుకుని ఆ పాతేసిన రాళ్ల మీదే కూర్చుని తిన్నాం. పోలీసుకూ ఒక పళ్లెం పట్టాను. వద్దని చెయ్యి ఊపాడు గానీ తినేదాకా మమ్మల్ని లేపలేదు. అంత రుచైన అన్నం జన్మలో తినలేదంటే అబద్ధం, పళ్లు నొప్పెట్టాయి. కానీ ఆ ఊరికి వచ్చాక తల ఎత్తుకుని కూర్చున్నది ఆ రోజే.

సాయంత్రం ఇంటికి వెళ్తే అక్క తలుపు తీసి గుమ్మంలోనే నిలబడింది. ఆమె వెనక నా పెట్టె సర్ది ఉంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మళ్లీ వెళ్లనని ఒక్క మాట చెప్పవే. లోపలికి వచ్చెయ్."

ఎంత తేలికైన మాట! బయట వాన, నా వేళ్లు కొంకర్లు పోయాయి, లోపలి నుంచి పోపు వాసన. నాకు ఆమె అంటే ఇష్టం కూడా. అదే బాధ.

"ఒచ్చే ఐతారం గూడ పోత అక్కా," అన్నాను.

అక్క పెట్టెను గుమ్మం ఇవతలికి జరిపింది. దాన్ని ఎత్తుకుని మెట్లు దిగుతుంటే ఏడుపు ఆగలేదు. వెక్కుతూనే దిగాను. వెనక్కి తిరిగి, పోనని మాత్రం అనలేదు.