గట్టు కింద కిటికీ

మా అమ్మ సలోమి పట్టిన పట్టు విడిచే మనిషి కాదు. ఆ పట్టు లేకపోతే మా ఇంట్లో కుట్టుమిషను ఉండేదే కాదు.

మా ఇల్లు కొత్తపేట దగ్గర కాలవ గట్టు కింద ఉండేది. గట్టు మీద సైకిలు వెళ్తే దాని చక్రాలు మా కిటికీ పైకమ్మీకి సమంగా కనిపించేవి. ఇంటికి ఉన్నది ఆ ఒక్క కిటికీయే, కరెంటు లేదు. మిషను దాని పక్కనే. డెబ్బై ఎనిమిదిలో మా పేట మొత్తానికి జాకెట్లు కుట్టే ఆడమనిషి అమ్మ ఒక్కతే. మగ దర్జీకి కొలతలివ్వడానికి సిగ్గుపడేవాళ్ళంతా మా ఇంటికే వచ్చేవారు.

ఒకరోజు మా పేట పోలమ్మ కొత్త జాకెట్టు తొడిగి చూసుకుంటుంటే గట్టు మీద పోయే వెధవ ఎవడో ఈలేశాడు. పోలమ్మ ఏడుస్తూ వెళ్ళిపోయింది. మర్నాటినుంచి ఒక్క మనిషి మా గుమ్మం తొక్కితే ఒట్టు. వాడు మాత్రం దర్జాగా తిరిగాడు, వాడి సైకిలు కాలవలో పడ!

మా మామ్మ ఎలీసమ్మ, అంటే నాన్న తల్లి, తేల్చి చెప్పేసింది.

"కుండకి మూకుడు పెట్టొచ్చు గానీ లోకం నోటికి పెట్టలేమే సలోమీ. ఆదివారంలోగా కిటికీకి చెక్కలు కొట్టించు. లేదా మిషను అమ్మెయ్."

"చెక్కలు కొడితే సూదిలో దారం ఎలా ఎక్కించనండీ అత్తయ్యగారూ? ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా? ఆదివారం దాకా గడువిచ్చేరు కదా, చాలండి," అంది అమ్మ.

పాస్టరుగారి భార్య ఇందిరగారు ఒక ఉపాయం చెప్పారు. వాళ్ళ బంగళాలో లాగా కిటికీ కింది సగానికి తెర కడితే, పై సగంలోంచి వెలుతురు వస్తుందట. నాన్న పాత పంచె చింపి అమ్మ తెర కట్టింది. నన్ను లోపల నిలబెట్టి, గట్టెక్కి చూసింది. దిగొచ్చి తన నెత్తిన తనే మొట్టుకుంది. బంగళా అరుగు ఎత్తు, దాన్ని చూసేవాడు కిందనుంచి చూస్తాడు. మమ్మల్ని చూసేవాడు పైనుంచి చూస్తాడు. పై సగంలోంచి నేను మెడనుంచి మోకాళ్ళదాకా కనిపించానట. గట్టు కింద కాపురముంటూ బంగళా తెర కట్టింది మా అమ్మ!

అదే తెర విప్పి పై సగానికి కట్టి, మళ్ళీ గట్టెక్కింది. ఈసారి నా పాదాలు తప్ప ఏమీ కనపడలేదు. కానీ గదంతా మసక. కిటికీ బయట నేల నల్లమట్టి, దాని మీద పడ్డ వెలుతురు దానికే సరిపోయేది. అమ్మ గోదారి ఇసుక తట్టలతో మోసి కిటికీ కింద మందంగా పరిచింది. కిటికీ కింది దిమ్మకీ లోపలి గోడకీ సున్నం కొట్టింది. వేళ్ళు పొక్కితే కొబ్బరినూనె రాసుకుని మళ్ళీ సున్నమే ముట్టుకుంది. శనివారం మధ్యాహ్నం ఇసుక మీద పడ్డ ఎండ కింది సగంలోంచి లోపలికొచ్చి, మిషను సూది మీద నిలిచింది. నాకు గంతులెయ్యాలనిపించింది.

ఆదివారం చర్చి నుంచి రాగానే మామ్మ తనే గట్టెక్కింది. అటూ ఇటూ నాలుగుసార్లు నడిచింది, వంగి చూసింది. దిగొచ్చి చాప మీద కూర్చుంది.

"రేపు పోలమ్మని నేనే పిలుచుకొస్తాను," అంది. "టేపుందా?"

"ఆయ్, ఉందండి. ఎవరికండీ?"

"నాకే. చిన్నప్పట్నించీ ఆసాముల ఇళ్ళల్లో ఆడవాళ్ళు విడిచిన జాకెట్లే తొడుక్కున్నాను. చాలకపోతే పిన్నీసు పెట్టుకున్నాను. నాకు కొలతంటూ ఇంతవరకూ ఎవరూ తియ్యలేదే అమ్మాయ్."

అరవై రెండేళ్ళ మామ్మ లేచి, కిటికీ ముందు రెండు చేతులూ ఎత్తి నిలబడింది. అమ్మకి ఏడుపాగలేదు. టేపు మీద అంకెలు కనపడక, ఆ కొలత మూడుసార్లు తీసింది.