నొప్పి పోయిందని సాక్ష్యం చెప్పిన ఆదివారం

నాకు నోరిచ్చిన దేవునికి స్తోత్రం. ఆ నోట్లో మూలుగులు పెట్టి, ఆ మూలుగుల మీద నా ఇంటిని పోషించిన దేవునికి స్తోత్రం. నాకు నడుమునిచ్చినందుకు కూడా ఆయనకే స్తోత్రం, ఆ నడుము నన్ను పెట్టిన అవస్థ ఇప్పుడు మీకు చెప్పబోతున్నా సరే. నిండు సంఘం ముందు మైకు పట్టుకుని నేను నా పరువును పోగొట్టుకున్నాను. రెండు కాళ్లనూ, పేరు చెప్పడానికి సిగ్గుపడే మరో సౌకర్యాన్నీ పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డాను. అదీ సంతోషంగా, పాట పాడుతూ. కథ మొదలుపెట్టే ముందు నాతో కలిసి ఒక్క క్షణం ప్రార్థించండి. కళ్లు మాత్రం మూయకండి, చదవడం కష్టమవుతుంది.

నా వృత్తి మూలగడం. హీరో ఒక్క గుద్దు గుద్దితే గాల్లోకి లేచి, గోడకు తగిలి, తోపుడుబండి మీద పడే మనుషులు సినిమాల్లో ఉంటారు కదా. పడేది వాళ్లు, "అమ్మా" అనేది నేను. ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్లలో "మూలుగుల ఆనందరావు" అంటే తెలియని సౌండ్ ఇంజనీరు ఉండేవాడు కాదు. కత్తిపోటుకు ఒక మూలుగు, కర్ర దెబ్బకు ఒక మూలుగు, లారీ గుద్దితే పొడుగ్గా సాగే మూలుగు, అన్నీ నా దగ్గర సిద్ధంగా ఉండేవి, కిరాణా కొట్లో పప్పుల్లాగా.

మాదాపూర్‌లో రాళ్లు పగలగొట్టి అద్దాల మేడలు లేపుతున్న రోజులవి. నా భార్య కరుణ అలాంటి ఒక మేడలో జీతాల లెక్కలు చూసేది. తను బోరబండలో పుట్టి పెరిగిన మనిషి. నేను గుంటూరు వైపు నుంచి వచ్చినవాణ్ణి. మా సంఘం యూసుఫ్‌గూడలో ఒక టైలరు షాపు పైన ఉన్న హాల్లో కూడుకునేది. అక్కడ అందరి ప్రార్థన మనవులూ కంప్యూటర్ కోర్సుల గురించే. ఒకడికి కోర్సులో సీటు, ఇంకొకడికి కోర్సు అయ్యాక ఉద్యోగం. నా మనవి మాత్రం ఏళ్ల తరబడి ఒక్కటే. నడుము నొప్పి. మా పాస్టరు అయ్యగారు చేతిలో కాగితం లేకుండానే "ఆనందరావు నడుము కోసం" అని చదివేసేవారు.

ఆ నొప్పి మా ఇంట్లో అద్దె కట్టని చుట్టంలా ఉండేది. పొద్దున నాకంటే ముందే లేచేది. ఎడమ కాల్లోకి ఎప్పుడు దిగాలో, ఎప్పుడు ఎక్కాలో దానికి సొంత వేళలున్నాయి.

ఒకరోజు మధ్యాహ్నం క్లైమాక్స్ ఫైటుకు డబ్బింగ్ చెబుతున్నాను. హీరో ఒక గోదాము నిండా మనుషుల్ని కొట్టాడు. మూలుగులన్నీ నావే. వంగి మూలిగితే దెబ్బ పొట్టలో పడ్డట్టు వినిపిస్తుందని వంగాను. ఇక లేవలేకపోయాను. ఎవరో నా నడుములో మేకు దించి సుత్తితో కొడుతున్నట్టుంది. నిజంగానే "అమ్మా" అన్నాను.

అద్దం అవతల నుంచి ఇంజనీరు, "అన్నా, ఇది ఉంచేస్తున్నా. మస్తుంది. సేఫ్టీకి ఇంకొకటి ఇయ్యి," అన్నాడు.

ఇచ్చాను. దాన్నీ ఉంచేసుకున్నాడు.

అక్కడి నుంచి నన్ను జూబ్లీ హిల్స్‌లో ఒక పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు. కరుణ ఆఫీసు నుంచి, అయ్యగారు స్కూటరు మీద వచ్చారు. ఎమర్జెన్సీలో బాధ ఎక్కువున్నవాళ్లను ముందు చూస్తారని నేను ఎక్కడో విన్నాను. బాధ ఎక్కువుందని చూపించడానికి నాకంటే తగినవాడు హైదరాబాదులో ఎవడున్నాడు? లారీ మూలుగుతో మొదలుపెట్టి, కత్తిపోటు మీదుగా, మేడ మీంచి పడిపోయే మూలుగుదాకా వెళ్లాను. నా మంచం చుట్టూ కర్టెన్ లాగుతున్న నర్సు ఆగిపోయింది.

"మొన్న టీవీల ఒక సినిమా వచ్చింది సార్. అండ్ల లారీ కింద పడ్డోడు అచ్చం గిట్లనే మూలిగిండు," అంది.

"అది నేనేనమ్మా," అన్నాను, మూలుగు ఆపి, వినయంగా. మళ్లీ అందుకున్నాను.

డాక్టరమ్మ వచ్చింది. నడివయసు మనిషి, నింపాది మనిషి.

"పదికి ఎంత ఉంది నొప్పి?"

"పన్నెండండీ."

"రోజూ వచ్చే నొప్పేనా, ఇవాళ కొత్తగా ఏమైనా మారిందా?"

"రోజూ వచ్చేదేనండీ. ఇవాళ గొంతు పెంచింది."

"కాళ్లు మొద్దుబారాయా? బొటనవేలు పైకెత్తండి." ఎత్తాను. "మూత్రం మామూలుగా వస్తోందా?"

పక్కన అయ్యగారున్నారు. నాకు చెవులు వేడెక్కాయి. "డాక్టరుగారూ, నొప్పి నడుములోనండీ."

"నడుము గురించే అడుగుతున్నాను."

అంతలో పక్క మంచం మీదికి ఒక పెద్దాయన వచ్చాడు. మూలగడం లేదు, మాట్లాడ్డం లేదు. చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. డాక్టరమ్మ నా శ్రేష్ఠమైన మూలుగును సగంలో వదిలేసి అటు పరుగెత్తింది. సినిమా నచ్చని ప్రేక్షకులు కూడా నన్ను అంత అవమానించలేదు.

ఆయన్ని లోపలికి పంపి తిరిగొచ్చాక ఆమె నాకు ఇంజెక్షన్ ఇప్పించి, మంచం పక్కన నిలబడింది. "మీ నొప్పి అబద్ధమని నేను అనడం లేదు. మందు వేసుకున్నా భరించలేకపోతే రండి, తప్పేం లేదు. కానీ పాత నొప్పి ఎంత గట్టిగా అరుస్తోందన్నది కాదు, దాని తీరు మారిందా అన్నది చూసుకోండి. కాలు బలం తగ్గినా, మొద్దుబారినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, మూత్రం ఆగిపోయినా, నొప్పితోపాటు జ్వరం వచ్చినా, ఆ క్షణమే బయలుదేరండి. తెల్లారాక చూద్దామనుకోకండి."

ఇంత మంచి ఉపదేశం జరుగుతుంటే నేనేం చేస్తున్నానంటే, అలిగి గోడవైపు తిరిగి పడుకున్నాను. కరుణ మాత్రం పరీక్షకు వెళ్లే పిల్లలా ఒక్కో ముక్కా విని తల ఊపింది.

ఆటోలో అడిగింది. "ఆమె అంతగనం చెప్పింది, విన్నరా?"

"నా మూలుగే ఆవిడ వినలేదు. ఆవిడ మాట నేనెందుకు వినాలి? ఇక నా వైద్యుడు ఒక్కడే, పైనున్నవాడు."

"కింద ఉన్నోళ్లను కూడా ఆయనే చదివించిండు," అంది కరుణ. తర్వాత ఇంటికొచ్చిన పాస్టరుగారు కూడా ఆ మాటే అన్నారు. ఇద్దరికీ ఆమేన్ చెప్పాను. వినకుండా ఆమేన్ చెప్పడంలో నాకు మంచి అనుభవం ఉంది.

ఇక్కడ మళ్లీ ఒకసారి ఆగుదాం. మూఢుల్ని కూడా ఓర్చుకునే దేవునికి నాతోపాటు మీరూ స్తోత్రం చెప్పండి. ముందు ముందు ఆయనకు చాలా పని ఉంది.

కొన్ని వారాలు గడిచాయి. ఒక శనివారం నొప్పి నన్ను పిండి పిప్పి చేసింది. ఆదివారం లేచేసరికి కాల్లో నొప్పి లేదు. కొంచెం తగ్గడం కాదు, అసలు లేదు. ఎడమ కాలు దూదిలా ఉంది. తేలిగ్గా ఉంది. ఎవరిదో కాలు నాకు అతికించినట్టుంది. నాకు కళ్లనీళ్లొచ్చాయి. కరుణకు చెప్పలేదు. దేవుడు చేసిన మేలును సంఘంలో అందరితోపాటు వినాలి కదా, సాక్ష్యమంటే అది.

హాలు మెట్లు ఎక్కేటప్పుడు ఎడమ కాలు రెండుసార్లు తట్టుకుంది. ఆత్మానందంలో అంతే అనుకున్నాను. చెప్పులు కింద మెట్ల దగ్గరే విడవడం మా పద్ధతి. నేను లోపలికొచ్చి మగవాళ్లవైపు చాప మీద కూర్చున్నాక, పక్కాయన నా ఎడమ పాదాన్నే చూస్తున్నాడు.

"బ్రదర్, ఒక చెప్పు కాలికే ఉంది."

చూసుకున్నాను. ఉంది. కాలికి చెప్పు ఉన్న సంగతి నాకు తెలియలేదు. కొందరు పాదరక్షలు విడిచి పరిశుద్ధ స్థలంలో నిలబడతారు, నేను వాటిని మరిచిపోయేంతగా లీనమయ్యాను అనుకుని మురిసిపోయాను. చూశారా, అహంకారం ఎంత భక్తిగా మాట్లాడుతుందో.

సాక్ష్యాల వేళ వచ్చింది. గోడ పట్టుకుని లేచి మైకు అందుకున్నాను. బయట వీధిలోకి ఒక లౌడ్‌స్పీకరు కూడా ఉండేది, టైలరు ఇష్టపడకపోయినా.

"సహోదరులారా, సహోదరీలారా, నిన్నటిదాకా నా కాలు నిప్పులో ఉంది. ఈ ఉదయం నొప్పి లేదు."

"హల్లెలూయా," అంది సంఘం.

"నొప్పే కాదు, గిల్లినా తెలియడం లేదు."

"హల్లెలూయా."

"ఇంతసేపు గచ్చు మీద ఈ పల్చటి చాపలో కూర్చున్నాను. పరుపు మీద కూర్చున్నట్టే ఉంది. కింద ఏమీ తెలియడం లేదు."

"ప్రభువుకే మహిమ."

"ఇంకా చెబుతాను. రాత్రి నుంచి ఒక్కసారి కూడా బయటికి వెళ్లవలసిన అవసరమే రాలేదు. నీళ్లు మాత్రం చెంబులు చెంబులు తాగాను. ఆ బలహీనతను కూడా ఆయన తీసేశాడు."

ఈసారి హల్లెలూయా సగమే వచ్చింది. ఆడవాళ్లవైపు నుంచి కరుణ లేచింది. మా సంఘంలో ఆడవాళ్లు మగవాళ్లవైపు రారు. తను చాపలు దాటుకుని, పెద్దల మోకాళ్లు దాటుకుని వస్తోంది. మొహం సున్నం కొట్టినట్టుంది. సాక్ష్యానికి తోడు నిలబడ్డానికి వస్తోందనుకుని నేను గొంతు పెంచాను. కళ్లు మూసుకుని పల్లవి ఎత్తుకున్నాను.

రెండు చరణాలు పాడాక కళ్లు తెరిచాను. హాల్లో ఎవరూ పాడటం లేదు. అందరూ నా కాలివైపు చూస్తున్నారు. ఒక పెద్దావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వంగి చూశాను. కరుణ కింద కూర్చుని ఉంది. తన పైట పిన్నీసు నా ఎడమ పిక్కలో దిగి, నిలువుగా నిలబడి ఉంది. చిన్న ఎర్రటి చుక్క పాదం మీదికి జారుతోంది.

"ఏమండి," అంది కరుణ, నెమ్మదిగా. "నేనేం చేసిన్నో తెలుస్తున్నదా?"

బతుకంతా దెబ్బ తగలకుండానే మూలిగినవాణ్ణి. దెబ్బ తగిలితే మూలుగు రాలేదు.

అయ్యగారు నా దగ్గరికి వచ్చి, మైకు ఆపడం మరిచిపోయి, "ఆనందరావూ, మూత్రం ఎప్పుడు పోసినవ్?" అని అడిగారు. ఆ ప్రశ్న లౌడ్‌స్పీకరులోంచి యూసుఫ్‌గూడ వీధి చివరిదాకా వెళ్లింది. కింద టైలరు మిషను ఆగింది.

"నిన్న... సాయంత్రమేమో అయ్యగారూ."

"డాక్టరమ్మ చెప్పింది ఇదే కదయ్యా," అన్నారాయన. ఆయన బైబిలు మూసి పక్కన పెట్టడం చూశాక గానీ నాకు భయం పుట్టలేదు.

అప్పుడైనా బుద్ధిగా కదిలానా? లేదు. "అయ్యగారూ, విశ్వాసం..." అన్నాను.

"విశ్వాసం దార్లో చూసుకుందాం. ఎత్తుండ్రి."

బైబిల్లో పైకప్పు విప్పి రోగిని యేసు ముందుకు దింపిన ఆ నలుగురి సంగతి నేను ఆదివారం బడిలో పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. ఆ రోజు నలుగురు నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇరుకు మెట్ల మీదుగా దింపారు. ఆ రోగిని ప్రార్థన జరిగే చోటికి దింపారు, నన్ను ప్రార్థన జరిగే చోటి నుంచి దింపారు. తేడా అంతే, దేవుడు ఒక్కడే. జూబ్లీ హిల్స్‌లో ఒక నిర్మాత కారు నడిపే మా సంఘ సభ్యుడు ఆ కారుతోనే ఆరాధనకు వచ్చి ఉన్నాడు. అంత పెద్ద కారులో వెనక సీట్లో వెళ్లాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. ఆ సీటు మెత్తగా ఉందో గట్టిగా ఉందో కూడా తెలియలేదు.

ఎమర్జెన్సీలో అదే డాక్టరమ్మ. నన్ను గుర్తుపట్టింది.

"ఈసారి అరవడం లేదేం?"

"నొప్పి లేదండీ," అన్నాను. "కాలు తెలియడం లేదు. కూర్చుంటే తెలియడం లేదు. మూత్రం రావడం లేదు."

నా పన్నెండుకు కదలని మనిషి, లారీ మూలుగుకు తల తిప్పని మనిషి, ఆ చిన్న మాటకు పరుగెత్తింది. స్ట్రెచరు వచ్చింది, స్కానింగ్ జరిగింది. వెన్నులో డిస్కు జారి, కాళ్లకూ మూత్రాశయానికీ వెళ్లే నరాల మీద పడి నలిపేస్తోందట. ఇవాళే ఆపరేషన్ అన్నారు.

"నడుస్తడా మేడం?" అని కరుణ అడిగింది.

"త్వరగా తెచ్చారు కాబట్టి ఆశ ఉంది. రేపు తెచ్చి ఉంటే మూత్రం గొట్టంతో, చక్రాల కుర్చీతో జీవితం గడపవలసి వచ్చేదేమో."

కరుణ ఏడవలేదు. పిన్నీసును పైటకు తిరిగి పెట్టుకోబోయి, మూడుసార్లు గుచ్చుకోలేకపోయింది. ఆ చేతులు చూసి నాకు నా సాక్ష్యం మొత్తం మళ్లీ వినిపించింది, ఒక్కో హల్లెలూయాతో సహా. చదువుతున్నవారూ, ఇక్కడ నాతో నిజంగా ప్రార్థించండి. ఇది నవ్వుల కోసం అడగడం లేదు. ఇప్పుడు ఏ ఇంట్లోనో ఒకరు కాలు మొద్దుబారితే హాయిగా ఉందనుకుని పడుకుంటున్నారేమో. వాళ్ల పక్కన ఒక కరుణ ఉండాలని అడగండి.

ఆపరేషన్ అయ్యాక మెలకువ వచ్చింది. కరుణ నా కాళ్ల దగ్గర నిలబడి ఉంది. పిన్నీసు తీసి బొటనవేలికి తాకించింది.

"అమ్మా," అన్నాను.

అది లారీ మూలుగు కాదు, కత్తిపోటు కాదు. నా దగ్గర ఎప్పుడూ లేని మూలుగు. డాక్టరమ్మ తలుపు దగ్గర నుంచి, "ఈ మూలుగు బాగుంది," అంది. కరుణ అప్పుడు ఏడ్చింది.

నడక కుదిరి, గొట్టం తీసేసి, నా పనులు నేను చేసుకునేసరికి చాలాకాలం పట్టింది. మళ్లీ హాల్లో మైకు అందుకున్న రోజు ఒకే వాక్యం చెప్పాను. "సహోదరులారా, నా కాలికి నొప్పి తెలుస్తోంది." యూసుఫ్‌గూడ దద్దరిల్లేలా హల్లెలూయా అన్నారు. కింద నుంచి టైలరు కూడా అన్నాడట. అప్పటి నుంచి మా సంఘంలో ఎవరైనా నొప్పి పోయిందని సాక్ష్యం చెప్పడానికి లేస్తే, అయ్యగారు ముందు ఆడవాళ్లవైపు చూస్తారు. కరుణ పిన్నీసు విప్పుతుంది. సాక్ష్యాలు తగ్గిపోయాయి గానీ, ఉన్నవి నమ్మదగినవి.

కాబట్టి దేవుని ఎదుట, మీ ఎదుట, ఆ టైలరు ఎదుట గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. కాలు నొప్పిగా ఉన్నంతకాలం సణుగుతాను, మందు వేసుకుంటాను. అది తీరు మార్చిన రోజున మైకు ముట్టను, ఆటో పిలుస్తాను. నా మూత్రం సంగతి ఏ డాక్టరు అడిగినా సిగ్గు లేకుండా వివరంగా చెబుతాను. ఈ ప్రమాణానికి మీరూ నాతో ఆమేన్ అనండి. అనేముందు ఒక్కసారి బొటనవేలు కదిపి చూసుకోండి.